ఆటోను ఒరిగించిన శుక్రవారం

ఆటోను పైకి లేపడానికి రెండు దారులున్నాయి. ఒకటి నలుగురు మనుషులది, ఇంకొకటి జాకీది. రబియాబీ పెళ్లయి వచ్చిన నాటి నుంచి చూసింది మొదటిదే. ఆమె భర్త బాబా మియా ఆటో నడిపిన కాలంలో, శుక్రవారం నమాజు ముగిశాక గల్లీలో మగవాళ్లు నలుగురు కూడేవాళ్లు. నేల మీద పాత టైరు పరిచేవాళ్లు. ఒకరు "యా అల్లా" అంటే, ఇంకొకరు "జై హనుమాన్" అంటూ ఆటోను పక్కకు ఒరిగించి ఆ టైరు మీద పడుకోబెట్టేవాళ్లు. నీళ్లలో పొర్లిన బర్రెలా ఆటో పొట్ట బయటపడేది. ఇక గ్రీజులు, కేబుళ్లు, పరాచికాలు. రబియాబీ తలుపు పరదా వెనక నిలబడి చాయ్ గ్లాసులు అందించేది.

ఆ నలుగురిలో ఇప్పుడు గల్లీలో ఒక్కరూ లేరు. బాబా మియా కాలం చేశాడు. పక్కింటి దత్తాత్రి మగ్గం సాగక భివండి పోయాడు. వెంకటేశ్ మస్కట్‌లో ఉన్నాడు. నాలుగోవాడు ఆమె కొడుకు అక్రమ్. జ్వరమని దవాఖానకు పోయినవాడు మళ్లీ గడప తొక్కలేదు. రెండేళ్లయింది.

అప్పటి నుంచి ఆటో నడుపుతున్నది కోడలు సమీనా. మొదట్లో సిద్దిపేట జనం వింతగా చూశారు, తర్వాత ఫోన్ చేసి పిలవడం మొదలుపెట్టారు. చిన్న చిన్న మరమ్మతులు ఇంటి ముందరే చేసుకునేది. పిలవడానికి మనుషులు లేరు కాబట్టి జాకీ కొన్నది.

ఆ సమీనా ఆదివారం పోతున్నది. ప్రజ్ఞాపూర్‌లో ఆమె అన్న జహీర్‌కు హోటలుంది. అక్కడ కొత్త ఇళ్లు లేస్తున్నాయి, బడిపిల్లలను తిప్పే పని దొరుకుతుందని ఎన్నాళ్లుగానో పిలుస్తున్నాడు. గురువారం సాయంత్రం సమీనా ఆ మాట చెప్పి, ఊరుకోకుండా ఇంకో మాట కూడా చెప్పింది.

"వెనక బ్రేకులు అరుస్తున్నయ్ అమ్మీ. రేపు కొత్త బ్రేకు షూలు తెచ్చి ఏస్త. గిట్లనే రోడ్డెక్కితే పానం మీదికొస్తది."

పోవద్దు బిడ్డా అన్న మాట రబియాబీ గొంతు దాకా వచ్చింది. పరాయి ఆడపిల్లను పట్టి ఉంచడానికి నేనెవరిని, పట్టి ఉంచాల్సిన కొడుకే లేడు కదా అనుకున్నది. గొంతులోని మాట లోపలికి పోయి, నోట్లోంచి ఇంకొకటి వచ్చింది.

"జాకీతోని ఒక్కదానివే లేపుతవా? జారితే?"

"జారుతదనే గద కింద చెక్కలు పెట్టేది."

"గా చెక్కలకు చెద పట్టిందేమో సూస్కో."

"టేకు చెక్కలమ్మీ. దత్తాత్రి మామ మగ్గం ఇప్పినప్పుడు అనసూర్యత్త ఇచ్చింది. ఏనుగెక్కినా ఇరగవు."

"ఏనుగు ఎక్కదు బిడ్డా. మనుషులే కింద పడ్తరు."

సమీనా నవ్వింది. తర్వాత కొంచెంసేపు అత్త ముఖంలోకి చూసింది. "ఇంకేమన్న చెప్తవా?"

"ఏముంటది? జాగ్రత్త, గంతే."

ఎవరు ఇల్లు దాటినా రబియాబీ అన్నది ఆ ఒక్క మాటే. కూతురు అల్మాస్ అత్తారింటికి పోతుంటే అదే అన్నది, దవాఖానకు పోతున్న అక్రమ్‌తో కూడా అదే అన్నది.

శుక్రవారం మధ్యాహ్నం సమీనా షూలు కొనడానికి పాత బస్టాండు వైపు నడిచిపోయింది. రబియాబీ ఇంటి ముందున్న ఆటో చుట్టూ తిరిగింది. అప్పుడు ఆమెకు తోచింది: నోటితో చెప్పలేనిది చేసి చూపించవచ్చు. ఈ గల్లీలో ఇంకా చేతులున్నాయని, జాకీ అవసరం లేదని ఆ పిల్ల తిరిగి వచ్చేసరికి కనిపించాలి.

పక్కింటి దత్తాత్రి భార్య అనసూర్యను పిలిచింది. ఎదురింట్లో బట్టలు కుట్టే రోజారాణిని పిలిచింది. నీళ్ల డబ్బాలు దించుతున్న సామ్యూల్‌ను రోజారాణే ఆపింది.

"రబియక్కా, మన నడుములు ముందు ఇరుగుతయా, దాని నడుము ఇరుగుతదా?" అన్నది అనసూర్య కొంగు బిగిస్తూ.

"దానికి ఇన్సూరెన్సు ఉందత్తా, నీకే లేదు," అన్నది రోజారాణి.

"నాకెవడు చేస్తడే? మీ మామ భివండి నుంచి ఫోనే చెయ్యడాయె!"

సామ్యూల్ బరువంతా తన మీదే పడుతుందని ముందే గొణిగాడు. టైరు పరిచారు. రబియాబీ "యా అల్లా" అన్నది. మొదటిసారి కదలలేదు. రెండోసారి ఒక చక్రం లేచింది, ఆటో ఊగింది, అనసూర్య కెవ్వుమన్నది. మూడోసారి ఆటో మెల్లగా ఒరిగి టైరు మీద పడుకున్నది. అందరూ రొప్పుతూ నవ్వారు. రబియాబీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చాయ్ పెడతానంటూ లోపలికి పోబోయింది.

అంతలో పెట్రోలు వాసన కొట్టింది. టాంకు మూతలోంచి ధారగా కారుతున్నది. వెనక సీటు కిందనుంచి ఇంకేదో ఘాటైన వాసన. సామ్యూల్ తొంగిచూసి, "అవ్వా, బ్యాటరీ తియ్యలేదా? యాసిడ్ కారుతుంది!" అన్నాడు.

బ్యాటరీ తియ్యాలని రబియాబీకి తెలియదు. మగవాళ్లు ముందుగా బ్యాటరీ విప్పి అరుగు మీద పెట్టేవాళ్లు. పెట్రోలు తక్కువున్నప్పుడే, మూత పై వైపు ఉండేలా చూసుకుని ఒరిగించేవాళ్లు. ఆ పనులన్నీ గల్లీ అవతలి వైపు జరిగేవి. పరదా సందులోంచి ఆమెకు ఇన్నేళ్లూ కనిపించింది ఒరిగించడం ఒక్కటే. తోచినట్టు చేత్తో బ్యాటరీని పైకెత్తబోయింది.

"ముట్టకు!"

గల్లీ మలుపులోంచి సమీనా పరుగెత్తుకొచ్చింది. చేతిలోని షూల పొట్లం కింద పడేసి, ముందు అత్త చేతులు పట్టుకుని నల్లా కిందికి లాక్కుపోయింది. చాలాసేపు నీళ్లు పోసింది. "మండుతుందా? కండ్లకు పెట్టుకోలే గద?" అని మళ్లీ మళ్లీ అడిగింది. తర్వాత అందరినీ కేకేసింది: "రోజక్కా, నీ పొయ్యి బందు చెయ్. సామ్యూలన్నా, ఎవ్వరిని బీడీ ముట్టియ్యనియ్యకు."

అందరూ కలిసి ఆటోను నిలబెట్టారు. యాసిడ్ విరగడానికి సమీనా వంటసోడా నీళ్లు చల్లింది. సీటు కింద వైర్లు మాడినట్టు రంగు మారాయి, సీటు గుడ్డ చిల్లులు పడింది. మిగతావాళ్లు తలలు దించుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

"ఎందుకు చేసినవ్ అమ్మీ?"

"నీకు సాయానికి మనుషులున్నరని..." రబియాబీ మాట తెగిపోయింది. "సూపిద్దామనుకున్న."

సమీనా మెట్టు మీద కూలబడింది. "మా అన్నకు మాటియ్యకుంట ఇన్ని దినాలు నాన్చిన. నువ్వు ఉండుమంటవేమోనని సూసిన. నువ్వు చెక్క సూస్కో, జాకీ సూస్కో అన్నవ్. నేను నీకు బరువైన, పొమ్మన్లేక గట్లంటున్నవనుకున్న."

"ఉండు బిడ్డా."

ఆ మాట అంత తేలికగా బయటికి వచ్చినందుకు రబియాబీకే ఆశ్చర్యమేసింది.

సమీనా కింద పడ్డ షూల పొట్లం చేతికి తీసుకున్నది. "నిన్న రాత్రే మాటిచ్చేసిన అమ్మీ. గాడ బడిపిల్లల తల్లులు ఉన్న ఆటోను బందు పెట్టిన్రు. సోమవారం పొద్దుగాల గా పోరగాండ్లు రోడ్డు మీద నిలవడ్తరు." తర్వాత, "నువ్వే రారాదు?" అన్నది.

రబియాబీ తల అడ్డంగా ఊపింది. తండ్రీకొడుకులిద్దరూ ఇక్కడి మట్టిలోనే పడుకున్నారు. వాళ్లను వదిలి ఎట్లా పోతుంది? సమీనా కూడా మళ్లీ అడగలేదు.

శనివారం పొద్దున మిస్త్రీ వచ్చి వైర్లు మార్చిపోయాడు. మధ్యాహ్నం సమీనా బ్రేకుల పనికి కూర్చున్నది. ఈసారి రబియాబీ పరదా వెనక నిలబడలేదు, పక్కనే కూర్చున్నది. ఆటోను గట్టి నేల మీద, సాపుగా ఉన్నచోట నిలిపారు. గేరులో వేసి, ముందు చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టారు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసింది సమీనా. గాల్లో ఉన్నప్పుడు గుంజితే బండి జాకీ మీంచి దూకుతుందని చెప్పింది. గట్టి ఇనుప చట్రం కిందనే జాకీ ఆనించింది. చక్రం లేచాక చట్రం కింద మగ్గం చెక్కలు పేర్చి, బరువు వాటి మీద కూర్చునేదాకా జాకీని కాస్త దించింది. తర్వాత ఆటోను రెండు చేతులతో ఊపి చూసింది. కదలలేదు.

"జాకీని నమ్మొద్దమ్మీ. జాకీ లేపేటందుకే. నిలబెట్టేటియి చెక్కలు."

"నాకెందుకు చెప్తున్నవ్?" అన్నది రబియాబీ. "నేనేమన్న ఆటో నడుపుతనా?"

సమీనా పానా అందుకున్నది. ఒక వైపు అయ్యాక రెండో వైపు. పాత షూలు తీసింది, కొత్తవి వేసింది, చక్రం బిగించింది. పొద్దు వాలుతున్నది. జాకీతో మళ్లీ కాస్త లేపి చెక్కలు పక్కకు తీసింది.

"ఇగ దించుదాం. నువ్వు తిప్పు."

"నేనా?"

"నిమ్మలంగ తిప్పు. కాళ్లు లోపలికి పెట్టకు."

రబియాబీ జాకీ కడ్డీ పట్టుకుని తిప్పింది. ఆటో వెంట్రుకవాసి దిగింది. ఇంకా తిప్పింది. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. చక్రానికీ నేలకూ మధ్య వేలు దూరేంత సందున్నది. ఆ సందు అట్లాగే ఉంటే రేపు ఆదివారం రాదేమో అనిపించింది.

"ఏమైంది అమ్మీ, గట్టిగున్నదా?"

"లే."

మళ్లీ తిప్పింది. టైరు నేలను తాకింది, బరువుకు అడుగున కొంచెం నలిగింది. జాకీ వదులైపోయింది. అయినా రబియాబీ కడ్డీని తిప్పుతూనే ఉన్నది. సమీనా ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"చాలమ్మీ. దిగింది."