ఏడ్చే చోటు

పిల్లల రక్షణ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకు ఆ హాల్లో శిక్షణ ఇస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ అంతకుముందు ఆస్పత్రిలో నర్సు. తోటివాళ్ళు ఆమెను నర్సక్క అనేవారు. పొద్దుటి నుంచీ శిక్షణాధికారి చట్టాలు ఏకరువు పెడుతుంటే అందరికీ కునుకు పట్టింది. భోజనాలయ్యాక ఆయన చేతులు రుద్దుకుంటూ, "ఇప్పుడు చూడండి, మీ నిద్రమత్తు ఎలా ఎగిరిపోతుందో!" అన్నాడు.

ఆయా ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అనాథ పిల్లల వసతి గృహంలో ఉండే పిల్ల. రెండు జడలు, ఇస్త్రీ గౌను, మొహాన దట్టంగా పౌడరు. వేదిక మీద కుర్చీలో కూర్చోబెడితే కాళ్ళు నేలకు అందలేదు. ఆయన మైకు కిందికి దించాడు.

"చెప్పమ్మా బుజ్జీ. మొదట్నుంచీ."

పిల్ల మొదలుపెట్టింది. అమ్మ పోవడం, బాబాయి ఇంటికి చేరడం, రెండోసారి అన్నం అడిగితే చేతిమీద వాతలు పెట్టడం, స్నానాలగదిలో తోసి గడియ వేయడం. ఎక్కం అప్పజెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పింది. "అప్పుడు నేను తలుపు సందులోంచి" అని ఆగి ఆయన వైపు చూసింది. ఆయన తల ఊపాక, గొంతు తగ్గించి "పిన్నిని పిలిచాను" అంది.

ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. వెనక ఒకతను ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. బిస్కెట్ల పళ్ళెం చేతులు మారుతోంది.

"ఆ వాతలు చూపించమ్మా అందరికీ."

పిల్ల గౌను చెయ్యి పైకి లాక్కుంది.

నర్సక్క ఆస్పత్రిలో చీము పట్టిన పుళ్ళు కడిగిన మనిషి. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఇప్పుడా హాల్లో గాలి పీల్చాలంటేనే రోత పుట్టింది. విసురుగా వేదికెక్కి మైకు కట్టేసింది.

"చాలు తల్లీ. రా, పోదాం."

పిల్ల కదల్లేదు. కంగారుగా గుసగుసలాడింది. "ఇంకా అవలేదక్కా. మీరందరూ ఏడ్చే చోటు ఇంకా రాలేదు. మధ్యలో ఆపితే సార్ తిడతారు."

"ఏడ్చే చోటేమిటమ్మా?"

"పోయినసారి ఎవరూ ఏడవలేదని, సార్ మళ్ళీ నేర్పించారు."

ఆయన నవ్వేశాడు. "ఇంత సున్నితమైతే ఈ ఉద్యోగం ఎలా చేస్తారమ్మా? దానికిది అలవాటే."

"అలవాటా? ఛీ! ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు?"

ఆయన నవ్వు మాయమైంది. నర్సక్క పిల్లను ఎత్తుకుని దిగింది. దారిలో ఆ ఫోనతని ముందు నిలబడి, వీడియో చెరిపేదాకా కదల్లేదు.

బయట వరండాలో పిల్ల బెరుగ్గా అడిగింది. "మరి వచ్చేసారి ఏం చెప్పాలక్కా?"

"ఏమీ చెప్పక్కర్లేదు."

పిల్ల నమ్మినట్టు లేదు. గౌను చెయ్యి కిందికి దించుకుని హాలు తలుపు వైపే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రమే నర్సక్క వసతి గృహం వార్డెనమ్మను నిలదీసింది. "పెద్దాయన అడిగితే కాదనలేకపోయానండి" అని ఆవిడ తల దించుకుంది. పిల్లల్ని ఇక పంపనని మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టుకుంది కూడా. నర్సక్క ఫిర్యాదు చేస్తే, పై అధికారులు మాత్రం శిక్షణాధికారిని పిలిచి మందలించి, వేరే ఊరి శిక్షణ కేంద్రానికి మార్చి చేతులు దులుపుకున్నారు.

నర్సక్క ఉద్యోగంలోనే ఉంది. శిక్షణ పూర్తయినట్టు ఇచ్చిన కాగితం మీద ఆయన సంతకం ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.