సగం దాటని పెడల్

"కాలు పెట్టు. కానీ పూర్తిగా నొక్కకు. నీ కాలిని నమ్మలేం," అన్నాడు రామచంద్రరావు, కారు కిటికీలోంచి తల లోపలికి దూర్చి.

ఇడ్లీపిండి తడి ఇంకా ఆరని చేతుల్తో స్టీరింగు పట్టుకుని హరిప్రియ కాలు పెట్టింది. పూర్తిగా నొక్కలేదు. బానెట్టు కింద తల దాచుకున్న మెకానిక్కు గౌస్ భాయ్ "జరంత రేసు ఇయ్యుండ్రి మేడమ్" అన్నప్పుడల్లా ఇంజను ఓ మూలుగు మూలిగేది. ఆ వెంటనే కిటికీ దగ్గర్నుంచి "మెల్లగా, మెల్లగా, చాలు" అనే ఆజ్ఞ జారీ అయ్యేది. మాదన్నపేట సందులో అద్దెయింటి ముందు అయిదు ఆదివారాలుగా జరుగుతున్న ఈ వైద్యశిబిరంలో ఆమె పాత్ర అదే. పెడల్ మీద పెట్టడానికి ఓ బరువు కావాలి. ఇటుకైతే మాట వినదు కనుక భార్యను పిలిచారు.

ఆ ఫియట్టు గురించి రెండు మాటలు చెప్పకపోతే అపచారం. డెబ్భై నాలుగులో పుట్టి, ఓ రిటైరైన ఇంజినీరుగారి వాకిట్లో పెరిగి, నడివయసులో రామచంద్రరావు చేతికి చిక్కిన ఆ వాహనరాజాన్ని ఆయన పట్టపుటేనుగులా చూసుకునేవాడు. సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుకు ఫైళ్ళ మీద ఎంత అధికారం ఉంటుందో తెలియదు గాని ఆ స్టీరింగు మీద మాత్రం ఆయనది ఏకచ్ఛత్రాధిపత్యం. మెకానిక్కు సైతం రోడ్డు మీద నడిపి చూడ్డానికి అనుమతి లేదు. కారును తోలే హక్కు ఆయనది. కడిగే హక్కు, సీటు కవర్లు ఉతికే హక్కు, డాష్‌బోర్డు మీది వినాయకుడికి శుక్రవారం పువ్వు పెట్టే హక్కు మాత్రం ఉదారంగా హరిప్రియకు వదిలేశాడు.

అలాంటి పట్టపుటేనుగుకు మొన్నటి దసరా నుంచి నీరసం పట్టుకుంది. చదును నేల మీద సర్దుకుపోయేది గాని, నయాపూల్ ఎక్కాలంటే ఆయాసపడేది. ఉల్లిగడ్డల తోపుడుబండి ముసలాయన పక్కనుంచి దాటిపోతూ జాలిగా చూసేవాడు. రామచంద్రరావు పెడల్‌ను ఎంత తొక్కగలడో అంత తొక్కేవాడు. అది ఆగినచోటే నేల అని ఆయన నమ్మకం.

నేరస్తురాలు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. దసరాకు వారం ముందే హరిప్రియకు డ్రైవింగు లైసెన్సు వచ్చింది. పండగ మర్నాడు ఒకే ఒక్కసారి సైదాబాద్ దాకా నడిపింది. తిరిగొచ్చేటప్పటికే బండి మూలిగింది. "వాడు పదేళ్ళు నడిపితే రాని రోగం, నువ్వు పూటసేపు ముట్టుకుంటే వచ్చింది కదమ్మాయ్," అంది అత్తగారు కామేశ్వరమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీయమని చేటను కోడలి ముందుకు తోస్తూ. చదువుకున్నవాడు కనుక కొడుకు అదే మాటను శాస్త్రీయంగా చెప్పాడు. ఒక చేతికి అలవాటుపడ్డ ఇంజను రెండో చేతిని సహించదట. బాలికల జూనియర్ కాలేజీలో ఇరవై ఒక్క ఏళ్ళుగా ఫిజిక్సు చెబుతున్న హరిప్రియ ఈ సిద్ధాంతాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివావా అని ఆ ఇంట్లో ఎవరూ అడగనూ లేదు.

అంతటితో పోతే ఆమె నవ్వుకుని ఊరుకునేదే. కానీ పదమూడు రోజుల కిందట ఆమెకు ప్రిన్సిపాలుగా పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. వేసిన చోటు యాచారం. బస్సుల్లో పోయి వస్తే సాయంత్రం ఏడు దాటుతుంది, అప్పటికి అత్తగారి కాఫీ, భర్తగారి టిఫిను రెండూ ప్రమాదంలో పడతాయి. సొంతంగా కారు నడుపుకుంటే అయిదున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు. చేరతాననో, వద్దనో రాసివ్వడానికి సోమవారం ఆఖరు. వద్దని రాసిచ్చే కాగితాన్ని రామచంద్రరావు తన ఆఫీసులోనే టైపు చేయించి తెచ్చాడు. సంతకానికి ఖాళీ వదిలి, ఆ ఖాళీ కింద ఆమె పేరు కూడా కొట్టించాడు. తనకన్నా ముందే తన భర్త అక్కడ పెట్టేసిన ఆ పేరు వంక ఆమె చాలాసేపు చూసింది.

"నేను వద్దంటున్నానా? బండి బాగుంటే నిక్షేపంగా నడుపుకుంటూ వెళ్ళు. నన్నేం చెయ్యమంటావు, బండే వద్దంటోంది," అన్నాడాయన. ఇంత న్యాయమైన మనిషితో దెబ్బలాడటం ఎలాగో ఆమెకు ఏనాడూ తెలియలేదు.

అందుకే ఆ ఆదివారం ఆమెకు ప్రాణసంకటంగా ఉంది. హుస్సేనీ ఆలంలో షెడ్డున్న గౌస్ భాయ్ ఇప్పటికే ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు గీకాడు, పెట్రోలు పంపు విప్పి బిగించాడు, సైలెన్సరులోని మసి దులిపాడు, కార్బురేటరు పైమూత తీసి లోపల ఊదాడు. రోగి మూలుగు మూలుగే. రెండో ఆదివారమే హరిప్రియ చెప్పింది: "ఏమండీ, ఈ పెడల్ సగంలో ఆగిపోతున్నట్టుంది."

"అది కుట్టుమిషను కాదు, కింద దాకా తొక్కడానికి," అన్నాడాయన. ఆ విధంగా ఆ కేసు విచారణకు రాకుండానే కొట్టివేయబడింది.

ఇప్పుడు లోపల్నుంచి కామేశ్వరమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. ఆ సాయెబు చూసుకుంటాడులే, రా."

"నేనొచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకండి," అని ఆజ్ఞాపించి రామచంద్రరావు లోపలికి వెళ్ళాడు. రెండు వాయిల ఇడ్లీ, కాఫీ, ఆపైన ఆదివారం పేపరు. ఆ క్రతువు ముప్పావు గంటకు తక్కువలో ముగియదని, ఆ హవిస్సు వండినదానిగా, హరిప్రియకు తెలుసు.

ఆమె పెడల్‌ను పూర్తిగా నొక్కింది. సగం దాకా మెత్తగా దిగింది. అక్కడ టక్కున ఆగింది.

"గౌస్ భాయ్, మీరొచ్చి ఇక్కడ కూర్చోండి. నేను ఇంజను చూస్తాను."

ఆయన తల పైకెత్తాడు. యాభై దాటిన మనిషి, గడ్డంలో గ్రీజు. "మీరా మేడమ్? చీర కరాబయితది."

"ఉతికేది నేనే కదా."

ఆయన చేతులు తుడుచుకుని సీట్లో కూర్చున్నాడు. ఆమె కొంగు బొడ్లో దోపి బానెట్టు కింద వంగింది. వేడిగాలి, పెట్రోలు వాసన మొహానికి కొట్టాయి. పెడల్ నుంచి వచ్చే కడ్డీ కార్బురేటరు అడుగున చిన్న మీటను లాగుతుంది. ఆ మీట తిరిగితే లోపల గాలి తలుపు తెరుచుకుంటుంది. తలుపు ఎంత తెరిస్తే బండికి అంత బలం. పదేళ్ళుగా ఈ బండిని కడుగుతున్నా దీని గుండెను ఇంత పరీక్షగా చూడటం ఇదే మొదలు.

"నొక్కండి. పూర్తిగా."

మీట కదిలింది. సగం దూరం పోయాక, నూనె పట్టి నల్లబడ్డ ఓ దారం తీగలా బిగుసుకుంది. మీట అక్కడే నిలబడిపోయింది.

అది దసరానాటి కంకణం. ఆయుధపూజలో ఇంజనుకు కూడా రక్ష కట్టాలని కామేశ్వరమ్మ పట్టుబట్టింది. తొమ్మిది పోగుల పసుపుదారాన్ని రామచంద్రరావు స్వహస్తాలతో మీటకూ కార్బురేటరుకూ కలిపి మూడు చుట్లు తిప్పి ముడివేశాడు. ఆ ముడి జారకుండా వేలితో నొక్కి పట్టుకున్నది, హారతిపళ్ళెం రెండో చేత్తో మోస్తూ, హరిప్రియే.

"భాయ్, ఈ దారం మీరు చూడలేదా?"

గౌస్ భాయ్ దిగి వచ్చి, దారం వంక కాకుండా నేల వంక చూశాడు. "సూడకేం మేడమ్. మొదటి రోజే పెద్దమ్మ చెప్పింది, గది పూజ దారం, ముట్టద్దని. మీ దేవుని చీజ్ మేమెట్ల ముడతం? దాని సుట్టూత అంత పని చేసిన, దాన్ని తప్ప."

"ఇది పట్టేస్తున్నట్టు తెలియలేదా?"

"ఎట్ల తెలుస్తది? సాబ్ స్టీరింగ్ ఎవ్వరికీ ఇయ్యడు. మీరు రేసు ఇస్తుంటే ఆహిస్తా ఆహిస్తా అంటడు. పూరా నొక్కంగ నేనొక్కసారన్న చూస్తే కదా."

హరిప్రియకు నవ్వు రాలేదు. అత్తగారిది భక్తి. భర్తది జాగ్రత్త. ఈ పెద్దమనిషిది మర్యాద. ఇందులో ఒక్కటైనా నిందించదగ్గ గుణం లేదు. ఇన్ని సద్గుణాలు కలిసి నాలుగు నెలలుగా తన మెడ మీద ఎంత నింపాదిగా కూర్చున్నాయో తలచుకుంటే మాత్రం ఒళ్ళు మండింది.

"తీసెయ్యండి."

"నా వల్ల కాదు మేడమ్. ఇంట్ల లొల్లయితే నా పేరు వస్తది." ఆయన సంచిలోంచి కటింగ్ ప్లేరు తీసి మడ్‌గార్డు మీద పెట్టాడు. "నేను జర చేతులు కడుక్కొస్త." కుళాయి వైపు తిరిగి, మామూలుకన్నా చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ దారం ఉన్నన్నాళ్ళూ నా కొడుక్కి ఢోకా లేదని ఆనాడు అత్తగారన్న మాట హరిప్రియకు గుర్తొచ్చింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత కత్తిరించి, ఆ దారాన్ని కొంగున ముడివేసుకుంది. వేలితో తోస్తే మీట చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

గౌస్ భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె నయాపూల్ దాకా నడిపింది. ఎత్తు మొదలవగానే పెడల్‌ను సగం దాటించింది. బండి మూలగలేదు. రిక్షాలను, తోపుడుబళ్ళను, ఓ సిటీబస్సును వెనక్కి నెట్టి పైకెక్కింది. గౌస్ భాయ్ డాష్‌బోర్డు పట్టుకుని "మస్తు పికప్ ఉన్నది మేడమ్, జర నెమ్మది" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆజ్ఞను వినిపించుకోకపోవడం ఎంత తేలికో తెలిసింది.

తిరిగొచ్చేసరికి రామచంద్రరావు గుమ్మంలో ఉన్నాడు. కోప్పడటానికి తెరిచిన నోరు, ఇంజను శబ్దం విని, చిరునవ్వుగా మారింది.

"చూశావా? పెట్రోలు పంపు విప్పించింది ఊరికేనా? నేను మొదట్నుంచీ అదే అంటున్నాను."

కత్తిరించిన దారాన్ని చూపించాలని ఆమె కొంగు ముడి విప్పబోయింది. ఆయన అప్పటికే బానెట్టును ప్రేమగా నిమురుతున్నాడు.

"ఇక దీన్ని రోజూ ఆఫీసుకు తీసుకెళ్తాను. ఇంత బాగా నడిచే బండిని ఆ యాచారం గతుకుల్లో ఎవరైనా పాడుచేసుకుంటారా? ఆ కాగితం మీద సంతకం పెట్టి బల్ల మీద ఉంచు, రేపు నేనే ఇచ్చేస్తాను."

నిన్నటిదాకా బండి పాడైంది కనుక వెళ్ళకూడదు. ఇవాళ బండి బాగైంది కనుక వెళ్ళకూడదు. రెండు విరుద్ధ కారణాల నుంచి ఒకే ఫలితం వస్తోందంటే పరీక్షించవలసింది యంత్రాన్ని కాదని, ఇంటరు మొదటి సంవత్సరం ఆడపిల్లలకు కూడా తెలుసు. ఈ చిన్న విషయం బోధపడటానికి తనకు అయిదు ఆదివారాలు, మూడు ప్లగ్గుల పెట్టెలు పట్టినందుకు ఆమెకు కాస్త సిగ్గేసింది.

బండిలోంచి తాళంచెవులు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తప్పకుండా తీసుకెళ్ళండి. ఆ సంతకం మాత్రం అక్కర్లేదు. చేరుతున్నానని నేనే వేరే కాగితం రాసుకుంటాను. యాచారంలో కాలేజీ పక్కనే గది చూసుకుంటాను. మీరు, అత్తయ్యా ఆదివారాలు రండి. దారిలో ఎన్ని ఎత్తులున్నా బండి ఇప్పుడు ఎక్కుతుంది."