పేరు పెట్టి పిలవని కొండ

పెళ్లయి ఇరవై రెండు రోజులైనా సుహాసినికి మొగుణ్ణి పేరు పెట్టి పిలవడంలో సరదా తీరలేదు. పృథ్వీ, ఉప్పందుకో. పృథ్వీ, నీ గుండీ ఊడింది. పని లేకపోయినా పిలిచేది. అతను మురిసిపోయేవాడు. అత్తగారు సుభద్రమ్మ మాత్రం ఆ పిలుపు చెవిన పడినప్పుడల్లా చేటలో బియ్యం కాస్త గట్టిగా చెరిగేది.

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరూ లడ్డూని తీసుకుని ఊరి వెనక కొండకు బయల్దేరారు. లడ్డూ సుహాసిని పుట్టింటి కుక్క. సారెతో పాటే విజయనగరం నుంచి ఆటోలో వచ్చింది. కొండ చిన్నదే, అరగంటలో ఎక్కేయొచ్చు.

మొదట్లోనే మేకలు తోలుకుంటూ కూర్మమ్మ ఎదురైంది. కొత్త కోడల్ని ఎగాదిగా చూసి, "పైన పేరెట్టి ఎవుర్నీ పిలవకమ్మా. సప్పట్లు కొట్టు, సాలు. మేకలకైనా మేమంతే," అంది. ఎందుకని అడిగితే, కొండ నేర్చేసుకుంటుందని చెప్పి తన దారిన పోయింది. ఆ మాట సుహాసినికి ఎంత నచ్చిందంటే, దారి పొడవునా తలుచుకుని నవ్వుకుంది.

జీడిమామిడి ఆకుల మీంచి మంచు బొట్లు మెడ మీద పడుతున్నాయి. సాలెగూళ్లు ముక్కుకి తగిలి లడ్డూ తుమ్ముతోంది. ప్రతి తుమ్ముకీ ఆమె ఆగి దాన్ని ముద్దు చేసింది. పైకి చేరాక చంపావతి నది సన్నగా మెరుస్తూ కనిపించింది. రాయగడ వైపు పోయే రైలు అగ్గిపెట్టెల వరసలా ఉంది. సీతాఫలాలు చూసొస్తానని పృథ్వీరాజ్ పెద్ద బండ అవతలికి వెళ్లాడు. అటుపక్క పాత రాళ్ల క్వారీ, అంచు దాటితే నేరుగా లోయేనని వస్తూ వస్తూ అతనే చెప్పాడు.

ఆమెకి నోరు ఊరుకోలేదు. "పృథ్వీ," అని అరిచింది. పేరు తిరిగొచ్చింది. కిలకిలా నవ్వింది. "పృథ్వీ, ఇలా రా," అని మళ్లీ అరిచింది. ఈసారి ఏమీ తిరిగి రాలేదు. పిట్టలు కూడా ఊరుకున్నాయి.

కాసేపటికి క్వారీ అడుగు నుంచి ఆమె గొంతే, అరుపులా కాకుండా మామూలుగా, "పృథ్వీ, ఇలా రా," అంది. ఆ వెనకే చిన్న నవ్వు. రెండోసారి పిలిచాక తను నవ్వలేదని సుహాసినికి బాగా తెలుసు.

లడ్డూ మొరగలేదు. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఆమె మోకాలికి అతుక్కుపోయింది.

"వస్తన్నానే," అన్నాడు బండ అవతల పృథ్వీరాజ్. అడుగుల చప్పుడు అంచు వైపు పోతోంది.

ఆగమని అరవబోయి నోరు మూసుకుంది. ఆ మాట కూడా కొండ నేర్చేసుకుంటుంది. గట్టిగా చప్పట్లు కొడుతూ పరిగెత్తింది. అతను తిరగలేదు. అంచు ఇంకో నాలుగడుగుల్లో ఉందనగా చొక్కా పట్టుకుని లాగింది.

"నువ్వు కిందన ఉన్నావు కదే," అన్నాడతను. బస్సులో పక్క సీట్లో కూర్చున్న పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

అప్పుడే కింద నుంచి మళ్లీ పిలుపు. గదిలో తలుపు వేశాక మాత్రమే ఆమె పిలిచే పిలుపు. అతను లోయలోకి చూశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె ఏం చెప్పినా అదే గొంతుతో చెప్పాలి. చేయి పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు.

లడ్డూ నెమ్మదిగా వచ్చింది. సుహాసిని పాదాల మీద చతికిలబడి ఆమె చీలమండ నాకింది. పృథ్వీరాజ్ దాన్నే చాలాసేపు చూశాడు. చివరికి ఆమె వైపు చెయ్యి చాపాడు.

ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు. దారంతా అతను ఆమె వేళ్లు బిగించి పట్టుకునే ఉన్నాడు. కానీ చూపు ఆమె మొహం మీద లేదు. లడ్డూ ఆమె పక్కనే నడుస్తోందా లేదా అనే చూసుకుంటున్నాడు. ఒకచోట అది తుప్ప వాసన చూస్తూ వెనకబడింది. అది పరుగెత్తుకొచ్చి ఆమెని ఆనుకునే దాకా అతని పట్టు సడలే ఉంది.