పాత నంబరు, కొత్త రంగు

పెయింటరుకు ఒక జబ్బుంది. ఎవరూ చూడని చోట కూడా రంగు వేస్తాడు. బీరువా వెనకాల, తలుపు పైఅంచున, సింకు కింద బొద్దింకలు తిరిగే మూలలో, ఎక్కడైనా సరే. "పైపైన పూసి చేతులు దులుపుకునే రకం కాదు నేను" అంటాడు. కొత్త రాష్ట్రానికి కాపురం మార్చారో లేదో, ఆ జబ్బు కాస్తా పెళ్లాం ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

ఆమె నర్సు. కొత్త ఆసుపత్రిలో మొదటి డ్యూటీ తెల్లవారుజామునే. ఆ వేళకి బస్సులుండవు. ఉన్నదల్లా ఆమె తన జీతంతో కొనుక్కున్న పాత తెల్ల కారు. నడిపేదీ ఆమే, మన మహానుభావుడికి స్టీరింగు చూస్తేనే వణుకు. దానికింకా పాత రాష్ట్రం నంబరే ఉంది. కూడలిలో పోలీసు ఒకసారి ఆపి, మళ్లీ ఈ నంబరుతో కనిపిస్తే కారు స్టేషన్లోనే ఉంటుందని చెప్పి వదిలాడు. కాబట్టి డ్యూటీకి ముందురోజే రవాణా ఆఫీసులో కొత్త నంబరు కోసం తనిఖీ పూర్తి కావాలి.

మాసిన కారు తీసుకెళ్తే పరువేం కావాలి అనుకున్నాడు పెయింటరు. తనిఖీకి ముందురోజు ఆమె ఇంట్లో సామాన్లు సర్దుకుంటుంటే పెరట్లో డబ్బా మూత తీశాడు. ఆమెకి నీలం ఇష్టం. సాయంత్రానికల్లా కారు నీలంగా మెరిసిపోయింది. ఆమె బయటికొచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. సంతోషం పట్టలేకే అనుకున్నాడు పిచ్చిమారాజు.

"ఆఫీసులో ఏమంటారో ఏమో అండీ!"

"మెచ్చుకుంటారు, చూడు!"

మర్నాడు ఇన్‌స్పెక్టరు కాగితం చూశాడు, కారు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"ఇందులో తెలుపని ఉందేంటమ్మా?"

ఆమె మొగుడి వైపు ఒక చూపు చూసింది.

"సరే, ముందు బానెట్ ఎత్తండి. ఛాసిస్ నంబరు చూడాలి."

లోపలా నీలమే! ఇన్‌స్పెక్టరు టార్చి వేసి వెతికాడు, వేలితో తడిమాడు. కంపెనీవాళ్లు రేకు మీద చెక్కిన నంబరు ఆనవాలైనా లేదు.

"అక్కడేవో గుంతలు గుంతలుగా ఉంటే లప్పం పెట్టి పూడ్చేశానండీ" అన్నాడు పెయింటరు, గర్వంగా.

"ఆ గుంతలే నంబరయ్యా బాబూ! కార్ల దొంగలు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరు!"

ఇన్‌స్పెక్టరు గడియారం వైపు చెయ్యి చూపించాడు. ఆఫీసు మూసేలోపు పాత రంగూ, నంబరూ కనిపిస్తే సంతకం పెడతాడు. లేదంటే వచ్చే వారమే.

ఆమె మెట్టు మీద కూలబడింది. తిడితే బాగుండేది. తిట్టలేదు. మొదటిరోజే డుమ్మా కొడితే ఉద్యోగం ఉంటుందా అని మాత్రం అడిగింది, అదీ తనలో తను అనుకుంటున్నట్టు. పెయింటరుకు ఏడుపొచ్చినంత పనైంది.

పెయింటరు పరుగున వెళ్లి డిక్కీలోంచి పనిముట్ల సంచి తెచ్చాడు. లప్పం గీకితే అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రంగింకా గట్టిపడలేదు; టర్పెంటైన్ గుడ్డతో రుద్దితే ఊడొస్తోంది. తన చేత్తో వేసిన రంగుని తనే చెరుపుకోవడం ఏనాడూ ఎరగడు పాపం! కాసేపటికి ఆమె కూడా కొంగు దోపుకుని ఇంకో గుడ్డ అందుకుంది. ఇన్‌స్పెక్టరు ఇల్లు కట్టించుకునే యజమానిలా చుట్టూ తిరుగుతూ, "ఆ అద్దం కింద ఇంకా ఉంది, అదిగో, చక్రం పక్కన" అంటూ పురమాయించాడు. చివరికి గేటు మూసేవాడు తాళాలు ఆడిస్తూ నిలబడ్డాక కొత్త నంబరు కాగితం మీద సంతకం పెట్టాడు.

మర్నాడు ఇంకా చీకటుండగానే ఆమె డ్యూటీకి బయల్దేరింది. కారు తలుపు తీసి ఆగిపోయింది. తలుపు లోపలి అంచు పొడుగునా నీలం, చెక్కు చెదరలేదు.

"ఏమండీ, ఇక్కడ తుడవడం మర్చిపోయారు."

"మర్చిపోలేదు. తలుపేస్తే ఎవరికీ కనపడదు."

"ఎవరికీ కనపడనప్పుడు ఎందుకండీ మరి?"

"నువ్వు రోజూ తీస్తావుగా!"

ఆమె నవ్వాపుకుంది. "ఈసారి తనిఖీకి మాత్రం మీరు ఇంట్లోనే ఉండండి" అని, రంగు రాసుకోకుండా తలుపు నెమ్మదిగా దగ్గరికి లాక్కుంది.