పెద్దాయన దగ్గు

రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ప్రధానమంత్రిగారి దిండు గలీబు తలపాగా అయ్యేది.

ఈ సంగతి దేశం మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ అక్కగారు. వెనక గదిలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుండేది. రెండోది తీగలమ్మ. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ప్రధాని ఇంటి టెలిఫోను బోర్డు ముందు పదకొండేళ్ళుగా కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనుకూ తీగ లాగి, ఏ గదికి కావాలో ఆ గది రంధ్రంలో గుచ్చడం ఆమె పని. బోర్డు గదికీ వెనక గదికీ మధ్య పల్చటి చెక్క తలుపు, దానికో అద్దం.

దేశాన్ని ఒక ఆడమనిషి ఏలడం అదే మొదటిసారి. నవ్వితే చులకన, కోప్పడితే గయ్యాళి. అందుకని పాపం ఆవిడ బయట ముఖాన్ని ఇస్త్రీ బట్టలా పెట్టుకు తిరిగేది. పత్రికలవాళ్ళు ‘రాతిమనిషి’ అని రాసేవారు. రాయట, రాయి! ఒక్కసారి ఆ తలుపు అద్దంలోంచి చూసి ఉంటే తెలిసేది వాళ్ళకి. భోజనమయ్యాక పావుగంటసేపు ఆవిడ గలీబు తలకు చుట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, పొద్దున జరిగిన మంత్రుల సమావేశాన్ని అక్కగారికి ఆడి చూపించేది. ఆ కాసేపు మోగకుండా అక్కగారు ఫోను రిసీవరు తీసి బట్టల కుప్పమీద పడేసేది. అప్పుడు ఎవరు ఫోను చేసినా కార్యదర్శి గదికి కలపాలని తీగలమ్మకు ఆజ్ఞ.

ఆ రోజు సాయంత్రం ఐదింటికి సభలో బలపరీక్ష. ప్రభుత్వం నిలవాలంటే ఆర్థికమంత్రి వెనకున్న పందొమ్మిదిమంది చేతులెత్తాలి. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ మంత్రికి కోపం ముక్కుమీదే ఉంటుంది. అలాంటి రోజున కూడా ఆవిడ తన ఆట మానలేదు. పైగా ఆ రోజు వేషం పెద్దాయనదే.

“నాకు పదవి మీద మోజు లేదు,” అంటూ ప్రధాని గొంతు బొంగురు చేసి, ప్రతి మాటకూ ముందు ఓ దగ్గు దగ్గి, లేని పళ్ళెంలోంచి లేని బిస్కెట్టు తీసుకుంది. “నాకసలు దేనిమీదా మోజు లేదు.” ఇంకో బిస్కెట్టు.

అక్కగారు కళ్ళు తుడుచుకుంటోంది. అద్దం ఇవతల తీగలమ్మ నోట్లో రుమాలు కుక్కుకుని పొట్ట పట్టుకుంది. సరిగ్గా అప్పుడే బోర్డుమీద దీపం వెలిగింది. పెద్దాయనే. “ఒక్క నిమిషం అయ్యగారూ,” అని నవ్వు మింగి, తీగ గుచ్చి, మళ్ళీ అద్దం వైపు తిరిగింది.

నాలుగు నిమిషాలయ్యాక కార్యదర్శి ఫోను చేశాడు. “పెద్దాయన చేస్తానన్నారు. ఇంకా రాలేదేం?”

తీగలమ్మ బోర్డు చూసుకుంది. తీగ పక్క రంధ్రంలో ఉంది. వెనక గది రంధ్రం. మీట నొక్కి వింటే అవతల ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు. ఆ తర్వాత టక్కున పెట్టేశారు.

దాచుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఉద్యోగం పోతే ఉంటున్న ఇల్లూ పోతుంది, మంచంలో ఉన్న అమ్మను ఎక్కడికి మోసుకుపోవాలి? కానీ పెద్దాయన వచ్చి మీదపడితే ఆవిడకు ముందుగా తెలియొద్దూ? తలుపు తోసుకుని వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“కొంప మునిగింది,” అంది అక్కగారు.

ప్రధాని తలపాగాతోనే బట్టల కుప్పమీద కూలబడింది. “ఏ మాట దగ్గర్నుంచి విన్నాడు?”

“బిస్కెట్ల దగ్గర్నుంచి అమ్మగారూ.”

“అయితే అంతా విన్నాడు.”

“నన్ను తీసేస్తారా అమ్మగారూ?”

“ముందు నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూడనీ తల్లీ. వెళ్ళి కూర్చో.”

మూడున్నరకు కారు వచ్చింది. పెద్దాయన కార్యదర్శిని పలకరించకుండా సరాసరి వెనక గదికే నడిచాడు. తీగలమ్మ అద్దానికి అతుక్కుపోయింది.

ఆయన కూర్చోలేదు. కుప్పలోంచి ఒక తువ్వాలు తీసి, ప్రధాని శాలువా కప్పుకున్నట్టే భుజాన వేసుకున్నాడు. తన కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. మూడోసారీ తుడిచి, సన్నటి గొంతుతో, “గౌరవసభ్యులు అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న,” అని, నాలుగోసారి తుడవడం మొదలెట్టాడు.

ముందు అక్కగారు నవ్వింది. తర్వాత ప్రధాని నవ్విన నవ్వు తోటమాలికి కూడా వినపడి ఉంటుంది.

“ఏడేళ్ళుగా మా ఆవిడ ముందు మీ వేషం వేసి ఆడుతున్నాను మేడం,” అన్నాడు పెద్దాయన. “ఎప్పుడైనా మీకు తెలిస్తే నా పని అయిపోయినట్టేనని హడలిపోతుండేవాణ్ణి. ఇవాళ నా ప్రాణం కుదుటపడింది.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “ఆ దగ్గు మాత్రం నాది కాదు. నాది మాట అయ్యాక వస్తుంది, ముందు రాదు.”

ఐదున్నరకు పందొమ్మిది చేతులూ లేచాయి. వార్త విని కార్యదర్శి టోపీ ఎగరేశాడు. తీగలమ్మకు మాత్రం సంతోషం సగమే వచ్చింది. ఆవిడ ఉద్యోగం నిలిచింది, మరి తనది?

ఏడింటికి దీపం వెలిగింది. పరధ్యానంగానే మీట నొక్కింది.

“ఇవాళ నా లైను తప్పు కలిపిందెవరు?” బొంగురు గొంతు. మాట అయ్యాక దగ్గు.

తీగలమ్మ లేచి నిలబడింది. “నేనేనండి అయ్యగారూ. నాదే పొరపాటు. మా అమ్మగార్ని ఏమీ అనకండి.”

ఎందుకో బోర్డు వైపు చూసింది. వెలుగుతున్నది వెనక గది దీపం.

“దగ్గు ఇప్పుడు సరిగ్గా కుదిరిందా?” అంది ప్రధాని, తన సొంత గొంతుతో.

తీగలమ్మ కుర్చీలో కూలబడి, బోర్డుకు తల ఆనించి, చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

“రేపట్నుంచి రెండింటికి బోర్డు దగ్గర ఇంకెవర్నైనా కూర్చోబెట్టు,” అంది ఆవిడ. “నువ్వు లోపలికి వచ్చి మా అక్క పక్కన కూర్చుని చూడు.”