పన్నెండుకి అయిదు నిమిషాలు

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు బట్టల మీద నీళ్ళు చిలకరించి, ఉండలు చుట్టి వరసగా పెట్టుకోవడం ఇస్త్రీ అక్క పద్ధతి. ఆ తర్వాత తల ఎత్తదు. నిప్పులాంటి వస్తువు చేతిలో పెట్టుకుని కబుర్లేమిటి? బట్టలు తెచ్చినవాళ్ళే నిలబడి అత్తగారి సంగతో, అద్దె ఇంటి సంగతో చెప్పుకుపోతారు. ఆవిడ "ఊఁ" అంటుంది, అంతే. నాలుగేళ్ళ కిందట తనకి రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైన సంగతి కూడా ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు.

అలాంటి మనిషిని ఆస్పత్రివాళ్ళు శిక్షణకి రమ్మన్నారు. నయమైనవాళ్ళు ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్ళ పక్కన తోడు కూర్చోవాలట. ఎలా కూర్చోవాలో నెల రోజులు నేర్పుతారట. మొత్తం ఆరుగురు పోగయ్యారు. నేర్పేది పెద్ద నర్సమ్మ. నేర్చుకున్నారో లేదో తేల్చేది మాత్రం గోడ గడియారం.

ఆ ఆస్పత్రిలో అంతే. ఒకరు చెప్పేది ఇంకొకరు నిజంగా వింటే ఆ గదిలో ముల్లు ఆగిపోతుంది. ముల్లుతో పాటు పొద్దూ ఆగుతుంది. కిటికీలోంచి పడే ఎండ జరగదు, గ్లాసులో టీ చల్లారదు. డాక్టర్లు తలుపు దాకా వచ్చి, "ఇక్కడెవరో వింటున్నారు, తర్వాత చూద్దాం" అనుకుని పక్క గదికి పోతుంటారు.

శిక్షణలో ఒకరు రోగిలా కూర్చుంటే ఇంకొకరు వినాలి. గొంతు క్యాన్సర్ నయమైన మేస్త్రి అందరికన్నా ముందు లేచాడు. పోయిందనుకున్న గొంతు తిరిగొచ్చిన సంబరంలో ఆయన నోరు మూతపడదు.

"ఏం కాదమ్మా! గుండె రాయి చేసుకో! పరగడుపున వేణ్ణీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగు. నన్ను చూడు..."

"మిమ్మల్ని చూశాం గానీ అన్నయ్యా, మీరా ముల్లుని చూడండి," అంది నర్సమ్మ. "మీ దూకుడు చూస్తే ఇప్పుడే సాయంత్రం చేసేసేలా ఉన్నారు."

అందరూ నవ్వారు. మేస్త్రి ఇంకా గట్టిగా నవ్వాడు.

ఇస్త్రీ అక్క వంతు వస్తే అరచేతులు తడిసిపోయేవి. ఏం మాట్లాడాలా అని లోపల్లోపల వెతుక్కుంటూ ఉండిపోయేది. ముల్లు తన దారిన తాను నడిచేది. నెలాఖరు రోజున ఆవిడ చెప్పేసింది: "నా వల్ల కాదు నర్సమ్మా. రెండు ముక్కలు కలిపి మాట్లాడలేని దాన్ని."

నర్సమ్మ ఆ మాట చెవిన పెట్టకుండా చెయ్యి పట్టుకుని వార్డులోకి తీసుకుపోయింది.

కిటికీ పక్క మంచం మీద స్కూలు వ్యాను నడిపే అమ్మాయి ఉంది. ఆరు విడతల మందులో మూడు ఎక్కాయి. నాలుగోది ఈ రోజు ఎక్కాలి. వద్దంటోంది. పన్నెండింటికి అన్నయ్య కారు తెస్తాడు, ఇంటికి పోతానని సంచీ సర్దేసుకుంది. సగంలో ఆపితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పినా ఉలకలేదు, పలకలేదు. మేస్త్రిని పంపితే పది నిమిషాల్లో తిప్పి పంపింది.

"మాటలు అందరూ చెప్పారు ఆ పిల్లకి. నువ్వెళ్ళి కూర్చో," అంది నర్సమ్మ. అప్పటికి పదకొండున్నర.

"మీదీ నిమ్మకాయేనా?" అంది వ్యాను అమ్మాయి.

"కాదు తల్లీ. కూర్చోమన్నారు, కూర్చున్నాను."

అమ్మాయి అటు తిరిగి పడుకుంది. ఇస్త్రీ అక్క మళ్ళీ మాటలు వెతకడం మొదలుపెట్టింది. పావు తక్కువ పన్నెండయింది. పది నిమిషాలు తక్కువయింది. ఇక దొరకవులే అని వెతకడం మానేసింది. మానేశాక అమ్మాయి కనిపించింది. నిద్రపోవడం లేదు. పక్కనున్న ఖాళీ మంచాన్ని చూస్తోంది.

"ఆ మంచం వైపే చూస్తున్నావు," అంది.

అమ్మాయి ఇటు తిరక్కుండానే నోరు విప్పింది. "అక్కడొక పెద్దావిడ ఉండేది. నా జుట్టు ఊడుతుంటే చేత్తో ఏరి, 'నీ వ్యానుకి సీటు కుట్టించుకోవే' అని నవ్వించేది. మొన్న పొద్దున పోయింది. ముఖం మీద దుప్పటి కప్పగానే నాకు ముందు ఏమనిపించిందో తెలుసా అక్కా? హమ్మయ్య, నేను కాదు అని. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది. ఇలాంటి దాన్ని బతికించడానికి ఇంతమంది కష్టపడాలా?"

గడియారం పన్నెండుకి అయిదు నిమిషాల దగ్గర ఆగింది.

సొంత కథలు విప్పొద్దని మొదటి రోజే నేర్పారు. అయినా ఇస్త్రీ అక్క నోట వచ్చేసింది. "నేనూ అనుకున్నాను."

"ఏమని?"

"హమ్మయ్య అనే. నా పక్క మంచం మీద లెక్కల టీచరు ఉండేది. నాలుగేళ్ళయింది. ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పలేదు."

అమ్మాయి లేచి కూర్చుంది. "మరేం చేశారు?"

"ఏం చేస్తాం తల్లీ? నా వంతు మందు నేను ఎక్కించుకున్నాను."

అమ్మాయి ఏడ్చింది, పెద్దావిడ కబుర్లన్నీ చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. ఎంతసేపో ఎవరు చూశారు? పన్నెండు కాలేదు, అన్నయ్య రాలేదు. చివరికి తనే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని పిలిచింది: "నర్సమ్మా, సూది పెట్టండి."

అప్పుడు ముల్లు కదిలింది.

"మీకు రుణపడ్డాను అక్కా."

"నేనే నీకు రుణపడ్డాను. నా గుండెల మీది బరువు కూడా దించావు," అంది ఇస్త్రీ అక్క. అరచేతులు పొడిగా ఉన్నాయి.

అన్నయ్య హడావుడిగా వచ్చాడు. ఎక్కుతున్న మందు చూసి, "అదేంటే, వద్దన్నావుగా..." అనబోయాడు. ఇస్త్రీ అక్క లేచి తన స్టూలు ఆయన వైపు జరిపింది.

"ఏమీ చెప్పకు నాయనా. కూర్చో."

ఆయన కూర్చున్నాడు, చెల్లెలు చెప్పసాగింది. ఆ రోజు వార్డులో భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు.