ఎడమకాలి జోస్యం

ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని డాబా ఎక్కుతూ సగం మెట్ల మీద ఆగిపోయాను. కింద వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్న మా అత్త నాగులమ్మ తలెత్తి చూసింది. "ఏడో నెలల గట్లనే ఉంటది బిడ్డా. శ్రీశైలం కడుపుల ఉన్నప్పుడు నేను మంచాల ఊరి చేన్ల కందికట్టె మోసిన" అంది. ఆ కందికట్టె నాకు పెళ్ళైనప్పటి నుంచీ తెలుసు. నాకు జ్వరమొచ్చినా, నడుము పట్టేసినా అది వచ్చి మా ఇద్దరి మధ్యా పడుతుంది. మా ఆయన శ్రీశైలమైతే ఆ కట్టెను తానే మోసినంత గర్వంగా చెప్తాడు.

ఆయాసం అప్పటికి వారం రోజులుగా ఉంది. నేను ఇబ్రహీంపట్నంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెప్తాను. టీచర్ కూర్చుంటే పిల్లలకు భయముండదని మా సారు క్లాసుల్లోంచి కుర్చీలు తీయించేశాడు. అక్కడ నిలబడి ఎక్కాలు చెప్పించి, ఇంటికొచ్చి నిలబడి అన్నం వార్చి, నిలబడే గిన్నెలు తోమేదాన్ని. ఆయాసంగా ఉందంటే "పొట్టతోని ఉన్నవ్ గద, ఉండదా మరి" అనేవాడు శ్రీశైలం ఫోన్ లోంచి తల ఎత్తకుండానే. బొంగులూరు గేటు దగ్గర ప్లాట్లు అమ్మిస్తాడాయన. రింగు రోడ్డు పడ్డాక అక్కడి భూములకు రెక్కలొచ్చాయి, ఆయనకు తీరిక పోయింది.

అదే వారంలో నా ఎడమకాలు కూడా వాచింది. కుడికాలు మామూలుగానే ఉంది, ఎడమది మాత్రం పిక్క దాకా బిగిసిపోయింది. మా అత్త పుట్టింటి వైపు ఒక లెక్క ఉంది: కుడికాలు వాస్తే కొడుకు, ఎడమకాలు వాస్తే బిడ్డ. ఇంక చూడండి, నా కాలికి వచ్చినంత పేరు నాకెన్నడూ రాలేదు. పక్కింటి సత్తమ్మ వచ్చి చూసింది. నాదర్‌గుల్ నుంచి ఆడబిడ్డ వీడియో కాల్ చేసి చూపించమంది. "ఆడపిల్లే, అనుమానం లేదు" అని అందరూ తేల్చారు. శ్రీశైలం మూతి ముడుచుకుని "ఏం చేస్తం, ఇంకోసారి చూద్దాం" అన్నాడు. ఇంకోసారి చూడ్డానికి నేనేమైనా ప్లాటునా అని ఒళ్ళు మండింది కానీ, లోపల్లోపల ఆడపిల్లేనని మురిసిపోయాను కూడా. నొప్పిగా ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నన్ను నేను కూడా అడగలేదు.

ఆ పొద్దున మెట్ల మీద ఊపిరి లోపలికి తీస్తే కుడి పక్క సూదితో పొడిచినట్టయింది. మళ్ళీ తీశాను, మళ్ళీ పొడిచింది. నాకు భయమేసింది. బకెట్ అక్కడే పెట్టి, గోడ పట్టుకుని దిగాను.

"అత్తమ్మా, బట్టలు మెట్ల మీద ఉన్నయ్. నేను దవాఖానకు పోతున్న."

"శ్రీశైలం రానియ్, తీస్కపోతడు."

"ఆయనొచ్చేదాంక నేను ఆగేటట్టు లేను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

ఆటోలో మా డాక్టరమ్మ మంజుల గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె నా వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసింది, తర్వాత చీర కొంచెం పైకి జరిపి కాళ్ళు చూసింది.

"ఈ ఎడమకాలు ఎప్పటి నుంచి ఇట్లుంది?"

"వారమైతుంది మేడం. ఆడపిల్ల అంటున్నరు."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఈ కాల్లో ఆడపిల్లా లేదు, మగపిల్లాడూ లేడు. రక్తం గడ్డకట్టిందేమోనని నా అనుమానం. అందులోంచి ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు" అని అంబులెన్స్ పిలిపించింది. సాగర్ రోడ్డు మీద సిటీ వైపు పెద్ద దవాఖానకు పంపుతూ, అక్కడికి ఫోన్ కూడా చేసింది.

అంబులెన్స్ లో ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకునే శ్రీశైలానికి ఫోన్ చేశాను. "బొంగులూరు గేటు కాడ రోడ్డు మీద నిలబడు. అంబులెన్స్ ఆగుతది, ఎక్కు."

"ఏ అంబులెన్స్? ఎవరికేమైంది?"

"నేను పండుకున్న అంబులెన్స్."

గేటు దగ్గర ప్లాట్ల కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. దారంతా ఆ కాగితాలు చేతిలోంచి వదల్లేదు.

దవాఖానలో ముందు కాలికి స్కాన్ చేశారు. గడ్డ కనపడలేదు. పొత్తికడుపులో ఉంటే ఇందులో దొరకదు, ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తీయాల్సిందేనంది అక్కడి డాక్టరు రూత్ గారు. శ్రీశైలం అడ్డొచ్చాడు. "బిడ్డకు రేడియేషన్ తగుల్తది కద మేడం?"

"తగుల్తుంది, చాలా కొద్దిగా. దానికన్నా గడ్డ ఉండి మనకు తెలవకపోవడమే పెద్ద ప్రమాదం, తల్లికీ బిడ్డకీ."

"మా అన్ననొక మాట అడుగుత" అని ఫోన్ తీశాడు. మంచాలలో అన్న ఎత్తాడు, వదిన కలిసింది, నాదర్‌గుల్ ఆడబిడ్డ కలిసింది. నా ఊపిరితిత్తుల మీద పంచాయితీ మొదలైంది. ఒకరు వద్దన్నారు, ఒకరు రేపు చూద్దామన్నారు. నేను మంచం మీద నుంచి చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాను.

"బావా, ఊపిరి నాది. తీయించుకుంటున్న" అని పెట్టేశాను. "తీయండి మేడం."

స్కాన్ గది లోపల చల్లగా ఉంది. చేతి నరంలోకి మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వెచ్చబడుతుంది, చీరలోనే పోసుకున్నట్టనిపిస్తుంది, భయపడొద్దని నర్సు ముందే చెప్పింది. అచ్చం అట్లాగే అనిపించింది. నవ్వొచ్చింది. స్పీకర్ లోంచి ఎవరో "నవ్వొద్దమ్మా. ఊపిరి తీసుకోండి... ఆపండి... ఇప్పుడు వదలండి" అన్నారు. నా ఊపిరి కోసం ఒక మనిషి అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండడం నాకదే మొదటిసారి. పట్టపగలు, పని లేకుండా, వెల్లకిలా పడుకుని ఉన్నాను. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది. గడ్డ ఉందో లేదో ఇంకా తెలియదు, అయినా సంతోషంతో కళ్ళు నిండిపోయాయి.

గడ్డలు ఉన్నాయి, కుడి వైపు, చిన్నవి. కాన్పు దాకా, ఆ తర్వాత కొన్నాళ్ళూ రోజూ ఇంజెక్షన్లు తీసుకుంటే చాలంది రూత్ గారు. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోందని ఆ చప్పుడు కూడా వినిపించింది. అది వింటూ శ్రీశైలం చేతిలో కాగితాలు వదిలేసి ఏడ్చేశాడు. చూస్తే జాలేసింది, ముద్దుగా కూడా ఉన్నాడు. ఆమె ఆయన భుజం తట్టి, "ఫికర్ చేయకండి. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేది. సమయానికి తీసుకొచ్చారు" అంది.

"అవ్ మేడం" అన్నాడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ.

నేను నిండుగా ఒక ఊపిరి తీసుకున్నాను. పొడిచింది, అయినా తీసుకున్నాను.

"ఆయన తీస్కరాలే మేడం" అన్నాను. "తొవ్వల నిలబడి ఉంటే నేనే ఎక్కించుకొచ్చిన."